ద్వారబంధం ఎత్తు పెంచమన్న బిడ్డ: మెంగ్‌చాంగ్ ప్రభువు జీవితం



ఉపాసకులారా, ఉపాసికలారా! ఈ కరపత్రంలో మీకు చెప్పబోయే మనిషి బౌద్ధుడు కాడు. ఆయన కాలానికి చైనాలో బుద్ధుని పేరు తెలిసినవాళ్ళే లేరు. ధమ్మం ఆ దేశానికి చేరింది క్రీ.శ. 1వ శతాబ్దం నాటికి. ఈయన అంతకు మూడు వందల ఏళ్ళ ముందే కన్నుమూశాడు. మరి ఆయన గొడవ మనకెందుకు అంటారా? ఎందుకో చెప్తాను. పుట్టిన గడియ చెడ్డదని పారేయమన్న బిడ్డ ఆయన. పెద్దయ్యాక పుట్టుక చూడకుండా వేలమందికి అన్నం పెట్టాడు. ఆ అన్నానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన చివరిదాకా సరిగ్గా ఆలోచించలేదు. ఈ మూడు సంగతులూ మన బతుకులకు దగ్గరివే.

ఆయన అసలు పేరు తియాన్ వెన్. లోకం పిలిచిన పేరు మెంగ్‌చాంగ్ ప్రభువు. చైనాలో యుద్ధ రాజ్యాల కాలం అని ఒకటుంది. క్రీ.పూ. 475 నుంచి 221 వరకు ఏడు పెద్ద రాజ్యాలు ఒకదాన్నొకటి మింగడానికి కొట్టుకున్న కాలం అది. అప్పుడు నలుగురు పెద్ద ప్రభువులు తమ ఇళ్ళలో వేలకొద్దీ మనుషుల్ని చేరదీసి పోషించారు. చి రాజ్యంలో మెంగ్‌చాంగ్, జావోలో పింగ్‌యువాన్, వెయ్‌లో షిన్‌లింగ్, చూలో చున్‌షెన్. చైనా చరిత్రకారుడు సిమా చియాన్ క్రీ.పూ. 1వ శతాబ్దం మొదట్లో రాసిన మహా చరిత్రలో ఈ నలుగురి జీవితాలూ ఉన్నాయి. నలుగురిలోనూ ఎక్కువగా చెప్పుకునేది మెంగ్‌చాంగ్ గురించే.

చెడ్డ రోజున పుట్టిన బిడ్డ

వెన్ తండ్రి తియాన్ యింగ్. చి రాజు కొడుకు, రాజ్యానికి మంత్రి, షుయే అనే జాగీరుకు దొర. ఇప్పటి షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఉంది ఆ చోటు. యింగ్‌కు నలభై మందికి పైగా కొడుకులు. వెన్ తల్లి పెళ్ళాడి తెచ్చుకున్న భార్య కాదు, ఆ ఇంట్లో హోదా లేని ఉంపుడుగత్తె. బిడ్డ పుట్టింది అయిదో నెల అయిదో రోజున. ఆ రోజు పుట్టిన పిల్లవాడు తలుపు ఎత్తు ఎదిగితే తల్లిదండ్రులకు చేటు అని ఆ దేశంలో ఒక నమ్మకం. అందుకని యింగ్ ఆ బిడ్డను పెంచొద్దని చెప్పేశాడు. పెంచొద్దంటే చావనివ్వమనే.

ఆ తల్లి వినలేదు. దొర మాట కాదని, ఎవరికీ తెలీకుండా బిడ్డను బతికించుకుంది. చరిత్రలో ఆమె పేరు కూడా మిగల్లేదు. కానీ ఆమె ఆ ధైర్యం చేయకపోతే ఈ కథే లేదు. మన ఇళ్ళల్లో పేరు లేకుండా పోయిన తల్లులను ఒకసారి తల్చుకోండి.

వెన్ కొంచెం ఎదిగాక, అన్నదమ్ముల ద్వారా తల్లి అతన్ని తండ్రి ముందుకు పంపింది. యింగ్ మండిపడ్డాడు. వద్దన్న బిడ్డను ఎందుకు పెంచావని ఆమె మీద కేకలేశాడు. అప్పుడు పిల్లవాడు నేలకు తల ఆనించి దండం పెట్టి, కారణం అడిగాడు. తండ్రి తలుపు ఎత్తు సంగతి చెప్పాడు. మనిషి తలరాత ఆకాశం రాస్తుందా, ద్వారబంధం రాస్తుందా అని అడిగాడు వెన్. తండ్రి నోట మాట లేదు. ఆకాశం రాస్తే మీకు దిగులెందుకు, ద్వారబంధమే రాస్తే దాని ఎత్తు పెంచేయండి, అంత ఎత్తు ఎవడు ఎదుగుతాడు అన్నాడు పిల్లవాడు. యింగ్ ఇక చాల్లెమ్మని నోరు మూయించాడు. కానీ బిడ్డ మాత్రం ఇంట్లో నిలిచాడు.

చూశారా! నమ్మకాన్ని నమ్మకంతో కొట్టలేదు. ప్రశ్నతో కొట్టాడు. తర్వాత జరిగింది కూడా చూడండి. వెన్ ఎదిగాడు, ఆ కొడుకు వల్ల తండ్రికి ఏ చేటూ రాలేదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో వాంగ్ చుంగ్ అనే చైనా హేతువాది ఉండేవాడు. పనికిరాని నిషేధాలను ఖండిస్తూ ఆయన ఈ కథనే ఉదాహరణగా తీసుకున్నాడు.

మన దగ్గర ఏం తక్కువ? రోహిణిలో పుడితే మేనమామకు గండం అంటారు. మూలలో పుడితే తండ్రికి కీడు అంటారు, ఆడపిల్ల అయితే కాబోయే మామకు కీడు అంటారు. శాంతి చేయించాలంటారు, నూనెలో బిడ్డ ముఖం చూడాలంటారు. ఆ శాంతికి అయ్యే ఖర్చు ఎవరి జేబులోకి పోతుందో మీకు తెలుసు. నక్షత్రాలు చూసుకుంటూ కూర్చున్నవాడికి చేతికొచ్చిన పని జారిపోతుందని చెప్పే జాతక కథ పాళీలో ఉంది. పెళ్ళి ముహూర్తం బాగా లేదని ఆగిపోయిన పెళ్ళివారు మర్నాడు వెళ్ళేసరికి పిల్లను వేరేవాళ్ళకు ఇచ్చేసిన కథ అది. దీక్ష తీసుకున్న ఇంట్లో కూడా బిడ్డ పుట్టగానే పంచాంగం తీస్తే, ఆ బిడ్డ నెత్తిన మళ్ళీ పాత ద్వారబంధాన్నే పెట్టినట్టు.

ఎవరికోసం కూడబెడుతున్నావు?

కొంతకాలానికి వెన్ తండ్రిని ఇంకో ప్రశ్న అడిగాడు. కొడుకు కొడుకును ఏమంటారు? మనవడు. మనవడి మనవణ్ణి? దానికీ తండ్రి ఒక పేరు చెప్పాడు. ఆ మనవడికి మనవడైతే? తండ్రికి తెలియలేదు. అప్పుడు కొడుకు అసలు సంగతి తీశాడు. మీరు ముగ్గురు రాజుల కాలంలో మంత్రిగా ఉన్నారు, రాజ్యం పెరగలేదు గానీ మీ ఇంట్లో బంగారం గుట్టలు పడింది. మీ అంతఃపురం ఆడవాళ్ళు పట్టు బట్టల మీద నడుస్తుంటే, తెలివైన మనుషులకు ముతక గుడ్డ లేదు. మీ పనివాళ్ళ దగ్గర అన్నం, మాంసం మిగిలిపోతుంటే, వాళ్ళకు తౌడు కూడా దొరకడం లేదు. పేరు కూడా తెలియని వాళ్ళ కోసం కూడబెడుతూ, కళ్ళముందు పాడవుతున్న దేశాన్ని మర్చిపోయారు. కొడుకు చెప్పిన దాని సారం ఇది.

యింగ్‌కు తల వంచక తప్పలేదు. ఇంటి పెత్తనం, అతిథుల ఆలనాపాలనా వెన్ చేతిలో పెట్టాడు. వెన్ పేరు చుట్టుపక్కల రాజ్యాలకు పాకింది. వాళ్ళే వచ్చి, వెన్‌నే వారసుణ్ణి చేయమని యింగ్‌ను అడిగారు. పారేయమన్న బిడ్డే నలభై మందిని దాటి షుయేకు ప్రభువు అయ్యాడు.

ఆ ఇంటి పంక్తి

మెంగ్‌చాంగ్ తన ఇంటి తలుపులు తెరిచాడు. పండితులు వచ్చారు, కత్తి పట్టే వీరులు వచ్చారు, నేరం చేసి పారిపోయినవాళ్ళూ వచ్చారు. అతిథుల సంఖ్య మూడు వేలకు చేరిందని చెప్తారు. గొప్పవాడా, తక్కువవాడా అని చూడకుండా, తాను తినేదే అందరికీ పెట్టాడని సిమా చియాన్ రాశాడు. కొత్త అతిథితో మాట్లాడేటప్పుడు తెర వెనుక ఒక లేఖకుడు కూర్చుని, ఆ అతిథి చుట్టాలు ఎక్కడుంటారో రాసుకునేవాడు. అతిథి బయటికి వెళ్ళేలోపే వాళ్ళ ఇంటికి కానుకలు పోయేవి.

ఒక రాత్రి భోజనాల దగ్గర దీపానికి ఎవరో అడ్డం వచ్చారు. ఒక అతిథికి అనుమానం వచ్చింది. చీకట్లో నాకొకటి పెట్టి, దొర ఇంకొకటి తింటున్నాడనుకుని, ఆకలి మీదే లేచాడు. మెంగ్‌చాంగ్ తన పళ్ళెం చేత్తో పట్టుకొచ్చి చూపించాడు. రెండూ ఒకటే. ఆ అతిథి సిగ్గుతో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. పాత పుస్తకాలు దీన్ని మెంగ్‌చాంగ్ గొప్పతనంగా చెప్తాయి. మనం అట్లా చూడనక్కర్లేదు. సమానంగా పెట్టారా అని అడగడం తప్పు కాదు. అడిగినందుకు చచ్చిపోవాల్సిన పనీ లేదు. వేరే పంక్తిలో, వేరే గ్లాసులో పెట్టించుకున్న మనుషుల బిడ్డలం మనం. ఆ అనుమానం ఎక్కడి నుంచి వస్తుందో మనకు చెప్పాలా?

ఇంకో సంగతి. పంక్తి ఒకటే అన్నారు గానీ, ఆ అతిథి గృహాలు మూడు మెట్లుగా ఉండేవి. కింది మెట్టులో ఉన్నవాళ్ళకు మామూలు భోజనం. మధ్య మెట్టులో చేప. పై మెట్టులో ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళడానికి బండి. ఫెంగ్ షువాన్ అనే బీదవాడు గడ్డి చెప్పులతో వచ్చి, కింది మెట్టులో చేరి, కత్తి మీద తాళం వేస్తూ, చేప లేదు, బండి లేదు, ఇల్లు గడిచే దారి లేదు, ఇక పోదాం పద అని తన కత్తితోనే పాడుకుంటూ ఒక్కో మెట్టూ పైకెక్కాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

కుక్కలా దూరినవాడు, కోడిలా కూసినవాడు

క్రీ.పూ. 299లో చిన్ రాజు మెంగ్‌చాంగ్‌ను పిలిపించుకుని మంత్రిని చేశాడు. తర్వాత ఎవరో చెవిలో ఊదారు: ఈయన ముందు తన చి రాజ్యం మేలే చూసుకుంటాడని. రాజు అతన్ని బంధించి చంపించబోయాడు. మెంగ్‌చాంగ్ రాజుకు ఇష్టమైన రాణివాసపు స్త్రీని శరణు వేడాడు. ఆమె తెల్ల నక్క బొచ్చు కోటు అడిగింది. అట్లాంటిది ఉన్నది ఒక్కటే. దాన్ని అప్పటికే రాజుకు కానుకగా ఇచ్చేశారు. పండితులందరూ తెల్లముఖం వేశారు. అప్పుడు చివరి వరసలో కూర్చునే ఒకడు లేచాడు. కుక్కలాగా దూరి దొంగతనం చేయడం వాడి విద్య. రాత్రికి రాత్రి రాజు గిడ్డంగిలోంచి ఆ కోటు తెచ్చాడు. ఆమె మాటతో మెంగ్‌చాంగ్ బయటపడ్డాడు.

పేరు మార్చుకుని పరుగున అర్ధరాత్రి హాన్‌గు కనుమ చేరారు. వెనక రాజు మనుషులు తరుముతున్నారు. కోడి కూస్తేనే ఆ కనుమ తలుపు తీయాలని చట్టం. చివరి వరసలోని ఇంకొకడు కోడిలా కూశాడు. చుట్టుపక్కల కోళ్ళన్నీ అందుకున్నాయి. కావలివాళ్ళు తలుపు తీశారు. ఈ ఇద్దర్నీ మొదట్లో మెంగ్‌చాంగ్ పంక్తిలో కూర్చోబెట్టినప్పుడు, మిగతా అతిథులు వాళ్ళ పక్కన కూర్చోవడం నామోషీగా భావించారు. ఆ రాత్రి తర్వాత ఆ నామోషీ పోయింది.

చైనా భాషలో కోడి కూత, కుక్క దొంగతనం అనేది ఇప్పటికీ అల్పమైన విద్యలకు వాడే తిట్టు లాంటి జాతీయం. 11వ శతాబ్దపు గొప్ప మంత్రి వాంగ్ అన్‌షి అయితే, మెంగ్‌చాంగ్ ఇట్లాంటి వాళ్ళకు నాయకుడే తప్ప నిజమైన పండితులు ఆయన దగ్గరికి రాలేదని తీసిపారేశాడు. దొంగతనం మంచిదని మనం అనం. పంచశీలలో రెండోది దాన్ని వద్దనే చెప్తుంది. కానీ ఇది గమనించండి: ప్రాణం నిలబెట్టినవాళ్ళు చివరి వరసవాళ్ళు. వాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. పని కావాలి, పేరు అక్కర్లేదు. ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఒక నవ్వుకు ఒక ఊరు

ఇక్కడిదాకా విని ఈయన్ని బోధిసత్వుణ్ణి చేయకండి. అదే తిరుగు ప్రయాణంలో జావో రాజ్యంలో ఆగాడు. పేరు విన్న జనం చూడ్డానికి వచ్చారు. భారీ మనిషి అనుకున్నాం, తీరా చూస్తే పొట్టివాడే అని నవ్వారు. ఆయనకు కోపం నెత్తికెక్కింది. వెంట ఉన్నవాళ్ళు బండ్లు దిగి వందలమందిని నరికి, ఆ ఊరంతా నాశనం చేసి వెళ్ళారు. ఇది సిమా చియాన్ దాచకుండా రాసిన సంగతి.

పుట్టిన రోజును బట్టి తనను చావమంటే, అది అన్యాయమని వాదించిన పిల్లవాడే ఇతను. ఒంటి ఎత్తును బట్టి నవ్వితే మనుషుల్నే చంపించాడు. అవమానం పడ్డవాళ్ళందరూ కరుణ నేర్చుకుంటారని లేదు. కరుణను సాధన చేసి తెచ్చుకోవాలి. శీలం లేని దానం ఎంతటిదైనా ఒక్క కోపంతో బూడిదవుతుంది.

అప్పు పత్రాల మంట

ఇప్పుడు అసలు సంగతి. చి రాజ్యానికి మంత్రి అయ్యాక మెంగ్‌చాంగ్‌కు షుయేలో పదివేల గడపల మీద పన్ను వచ్చేది. మూడు వేలమందిని మేపడానికి అది చాల్లేదు. అందుకని షుయే జనానికే వడ్డీకి డబ్బు తిప్పాడు. పంటలు లేక, వడ్డీ కట్టలేక జనం చితికిపోయారు. అర్థమవుతుందా? అతిథి పళ్ళెంలోని చేప, పేదవాడి వడ్డీ లోంచి వచ్చింది. ఒక చేత్తో దానం, ఇంకో చేత్తో వడ్డీ.

వసూలుకు పంపింది ఎవర్ని? ఆ కత్తి పాటగాడు ఫెంగ్ షువాన్‌ను. అతను కట్టగలిగిన వాళ్ళ దగ్గర లక్ష నాణేల వడ్డీ రాబట్టాడు. దాంతో ఎడ్లు కోయించి, సారా తెప్పించి, బాకీదారులందర్నీ భోజనానికి పిలిచాడు. అప్పు పత్రాన్ని రెండు ముక్కలు చేసి చెరొకరు దాచుకునే పద్ధతి అది. ఆ ముక్కలు కలిపి చూశాడు. తర్వాత కట్టగలవాళ్ళకు గడువు పెట్టాడు. కట్టలేనివాళ్ళ పత్రాలు అక్కడే తగలబెట్టాడు.

మెంగ్‌చాంగ్‌కు కోపం వచ్చింది. ఫెంగ్ షువాన్ నెమ్మదిగా చెప్పాడు: లేనివాణ్ణి పదేళ్ళు పీడించినా వడ్డీ పెరుగుతుంది గానీ డబ్బు రాదు, చివరికి వాడు ఊరొదిలి పారిపోతాడు, మీకు చెడ్డపేరు మిగులుతుంది. ఇంకో పాత గ్రంథం ఈ కథను కాస్త వేరుగా చెప్తుంది. అందులో, మీ ఇంట్లో లేనిది ఒకటి కొనుక్కు రమ్మన్నారు కదా, మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి, న్యాయం ఒక్కటే లేదు, అందుకే అది కొనుక్కొచ్చానని అతను చెప్తాడు. ఏడాది తర్వాత రాజు మెంగ్‌చాంగ్‌ను పదవి నుంచి తీసేశాడు. షుయేకు తిరిగొస్తుంటే ముసలీ ముతకా, పిల్లాజెల్లా దారి పొడుగునా ఎదురొచ్చారు. అప్పుడు గానీ ఆయనకు ఆ మంట విలువ తెలియలేదు.

మన తాతలు జీతగాళ్ళుగా, వెట్టి చేసి, ఒక చిన్న అప్పుకు తరాలు ధారపోశారు. ఆ పత్రాలు ఎవరూ ప్రేమగా తగలబెట్టలేదు. బాబాసాహెబ్ 1937లో బొంబాయి శాసనసభలో కొంకణ్ రైతుల్ని పీడించే ఖోతీ పద్ధతి రద్దుకు బిల్లు పెట్టాడు. దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. దొర మనసు మారితే ఒక ఊరి అప్పు పోతుంది. చట్టం మారితే తరతరాల అప్పు పోతుంది.

సంత ఖాళీ అయింది

పదవి పోగానే మూడు వేల అతిథుల్లో దాదాపు అందరూ మాయమయ్యారు. మళ్ళీ పదవి రాగానే తిరిగి రావడానికి సిద్ధమయ్యారు. వస్తే మొహాన ఉమ్మేస్తానన్నాడు మెంగ్‌చాంగ్. ఫెంగ్ షువాన్ మళ్ళీ సర్దిచెప్పాడు. పొద్దున సంతకు జనం తోసుకుంటూ పోతారు, సాయంత్రం అటు చూడరు. పొద్దున మీద ప్రేమా కాదు, సాయంత్రం మీద పగా కాదు. కావలసిన సరుకు అక్కడ లేదు, అంతే. మెంగ్‌చాంగ్ ఆ మాట విన్నాడు.

కానీ సంత శాశ్వతం కాదు. తర్వాత రాజుతో పొసగక వెయ్ రాజ్యానికి వెళ్ళి, అక్కడ మంత్రి అయ్యాడు. క్రీ.పూ. 284లో కొన్ని రాజ్యాలు కలిసి తన సొంత చి రాజ్యాన్ని కూల్చినప్పుడు ఆ పక్షాన నిలిచాడు. సుమారు క్రీ.పూ. 279లో చనిపోయాడు. కొడుకులు వారసత్వానికి కొట్టుకుంటుంటే, చి, వెయ్ రాజ్యాలు కలిసి షుయేను తుడిచిపెట్టాయి. వంశం అంతరించింది. తండ్రిని అడిగిన ప్రశ్న తన మీదికే వచ్చింది: ఎవరికోసం కూడబెట్టినట్టు? శతాబ్దం పైన గడిచాక సిమా చియాన్ షుయే మీదుగా పోతే, అక్కడి కుర్రవాళ్ళు దురుసుగా కనిపించారట. మెంగ్‌చాంగ్ పిలిపించిన మనుషుల సంతానం అని ఊరివాళ్ళు చెప్పారట.

మనం తీసుకోవలసింది

ఇప్పుడు ఈ కథ పక్కన సంఘాన్ని పెట్టి చూడండి. బుద్ధుడు కూడా తలుపు తెరిచాడు. పాకీ పని చేసే సునీతుడు వచ్చాడు, మంగలి ఉపాలి వచ్చాడు. శాక్య రాజకుమారుల కన్నా ముందు ఉపాలికి దీక్ష ఇచ్చారు. ముందు చేరినవాడు పెద్ద కాబట్టి, ఆ రాజకుమారులే ఉపాలికి నమస్కరించాల్సి వచ్చింది. అక్కడ చేప మెట్టు, బండి మెట్టు లేవు. భిక్ష ఏది దొరికితే అది. అన్నం పెట్టిన దొర పోతే సంఘం చెదిరిపోలేదు. ఎందుకంటే అది ఒక మనిషి దయ మీద నిలబడలేదు, వినయ నియమాల మీద నిలబడింది. ఆ నియమాలు ఉపాలికి కంఠస్థం. మెంగ్‌చాంగ్ ఇంటికీ, సంఘానికీ తేడా ఇదే.

పోషకుల సాయాన్ని మనం తక్కువ చేయం. బరోడా మహారాజు శాయాజీరావు ఉపకారవేతనంతో బాబాసాహెబ్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1920లో మూక్‌నాయక్ పత్రికకు కొల్హాపూర్ శాహూ మహారాజ్ చేయూతనిచ్చారు. ఆ మేలు ఆయన ఎన్నడూ మరవలేదు. కానీ అక్కడే ఆగిపోలేదు. 1927లో మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు ముట్టుకున్నది ఎవరి దయ వల్లా కాదు. అది హక్కు. రాజ్యాంగంలో అంటరానితనం రద్దు దయ కాదు. అది హక్కు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో మనుషులందరూ సమానమని నమ్ముతామన్నాం, సమానత్వం కోసం పాటుపడతామన్నాం.

కాబట్టి సోదరులారా, సోదరీమణులారా! ఎన్నికలప్పుడు ఎవరైనా మీ వాడకు వచ్చి పంక్తిలో కూర్చుని తింటే, సంతోషమే. కానీ మూడు ప్రశ్నలు అడగండి. ఈ అన్నం డబ్బు ఎవరి చెమట? రేపు నీ పదవి పోతే నా సంగతేంటి? నేను అడిగింది చేపనా, హక్కునా?

మీలో సంపాదించుకున్నవాళ్ళు ఉన్నారు. మీరు కూడా ఇప్పుడు నలుగురికి పెట్టగలిగిన వాళ్ళు. దానం చేయండి. చేస్తే చిన్న మెట్టు, పెద్ద మెట్టు పెట్టకండి. మీ దగ్గర అప్పు తీసుకున్న మీ వాడ మనిషి కట్టలేక తలదించుకుని తిరుగుతుంటే, ఆ నోటు సంగతి ఈ రాత్రికి ఆలోచించండి. మీ ఇంట్లో ఏ నక్షత్రాన బిడ్డ పుట్టినా, నూనె గిన్నె వద్దు. బిడ్డ ముఖాన్ని నేరుగా చూడండి.

నమో బుద్ధాయ! జై భీమ్!